బెంచీ మీద బిషప్ గారు

తార్నాక చౌరస్తాలో మెట్రో పిల్లర్ పక్కన ఫ్లెక్సీ కట్టారు. తల మీద కిరీటంలాంటి ఎత్తైన టోపీ, భుజాల మీద జరీ అంగీ, మెడలో వెండి సిలువ. కింద ‘ప్రభువునందు నిద్రించిన మా బిషప్ గారికి కన్నీటి వీడ్కోలు’ అని పెద్ద అక్షరాలు. పాల ప్యాకెట్ల కోసం వెళ్తున్నవాణ్ణి కాసేపు అక్కడే నిలబడి చూశాను. ఎవరో పోల్చుకోలేకపోయాను. చివరికి చెవులను బట్టి గుర్తుపట్టాను. అంత పెద్ద చెవులు మా తార్నాకలో ఇంకెవరికీ లేవు. చలికాలం ఆయన మంకీ క్యాప్ పెట్టుకున్నా అవి లోపల ఒదిగి ఉండేవి కావు.

ఆయన ఎన్నేళ్లు పదవిలో ఉన్నారో, ఎన్ని చర్చిలకు పునాదిరాయి వేశారో, ఏయే దేశాలు తిరిగొచ్చారో అన్నీ ఆ ఫ్లెక్సీ మీద రాశారు. అవన్నీ నిజాలే అయ్యుంటాయి. నాకు వాటితో పరిచయం లేదు. నేనెరిగిన మనిషి పదవి దిగాక మా వీధికి రెండు గల్లీల అవతల, పై అంతస్తులో అద్దెకు దిగి, కాన్వాసు బూట్లు వేసుకుని పొద్దున్నే యూనివర్సిటీ క్యాంపస్‌లో నడిచే మనిషి. నేను యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేస్తాను. డ్యూటీకి ముందు అక్కడే నడుస్తాను. అలా కలిశాం.

మొదటి రోజు ఆయన ఒక కల్వర్టు మీద కూర్చుని బూటు లేసు కట్టుకుంటున్నారు. నేను దాటిపోతుంటే తలెత్తి, “అమ్మ ఎట్లున్నది?” అని అడిగారు. నాకు ఆయనెవరో తెలియదు, ఆయనకు నేనెవరో తెలియదు. అయినా, “బాగుంది సార్, మోకాళ్ల నొప్పులు” అని జవాబు చెప్పేశాను. చెప్పాక మా అమ్మ ఈయనకెలా తెలుసని బుర్ర గోక్కున్నాను. బాగా చనువు పెరిగాక ఆ మాటే అడిగాను.

ఆయన నవ్వారు. “ఊర్లకు పోతే వందల మంది వచ్చి మీద పడుదురు. అందరి పేర్లు ఏడ యాదికుంటయి? అమ్మ ఎట్లున్నదని అడిగేటోన్ని. అమ్మ లేనోడు ఎవ్వడుండడు గదా. ఉన్నోళ్లు సంబురపడుతరు, పోగొట్టుకున్నోళ్లు ఇంకింత సేపు మాట్లాడుతరు. పేరు అడగలేదని ఎవ్వరికీ యాదికే రాదు.”

“అంటే అంతా నాటకమేనా అయ్యగారూ?” అన్నాను.

“మొదట్ల నాటకమే. తర్వాత్తర్వాత నిజంగనే తెలుసుకోవాలనిపించేది. అలవాటైంది.”

అలవాట్లు ఆయన్ని అంత తేలిగ్గా వదల్లేదు. ఎవరైనా నమస్తే పెడితే చాలు, ఆయన కుడి చెయ్యి దీవించడానికి రెండు వేళ్లు చాచి దానంతటదే పైకి లేచేది. సగం దారిలో సంగతి గుర్తొచ్చి, దాన్ని చెవి దగ్గరికి మళ్లించి గోక్కునేవారు. “చెయ్యికి ఇంకా రిటైర్మెంట్ ఆర్డర్ అందలే” అని నాకు మాత్రమే వినపడేలా అనేవారు. ఆదివారం మా చర్చిలో అందరికంటే వెనక, తలుపు పక్కన కూర్చునేవారు. మా పాస్టర్ గారు ఎన్నిసార్లు ముందుకు పిలిచినా కదిలేవారు కాదు. ఆరాధన ముగిసిందో లేదో, జనం చుట్టుముట్టక ముందే చెప్పులేసుకుని గేటు దాటేవారు. ఎందుకంత తొందరని అడిగితే, “నా భార్య వంట చేస్తుంటే మా అమ్మ పొయ్యి కాడికి పోయేది కాదు. అమ్మ దగ్గర నేను నేర్చుకున్నది గదొక్కటే” అన్నారు.

క్యాంపస్‌లో ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలంతా ఆయన్ని రిటైరైన ప్రొఫెసర్ అనుకునేవారు. చెట్ల కింద చాపలు పరుచుకుని కూర్చునే ఒక అమ్మాయి ఓసారి, “సార్, మీది ఏ డిపార్ట్‌మెంట్?” అని అడిగింది.

“ట్రాన్స్‌ఫర్ల డిపార్ట్‌మెంట్ బిడ్డా.”

“గసొంటి డిపార్ట్‌మెంట్ గూడ ఉంటదా సార్?”

“అన్నిటికన్న పెద్దది అదే” అని ముందుకు నడిచారు. ఆ పిల్ల పాపం నిజమనే అనుకుని ఉంటుంది.

అందులో అబద్ధం కూడా పెద్దగా లేదు. ఏ పాస్టర్ ఏ ఊరికి పోవాలో చెప్పేది బిషప్పే. పట్నం చర్చి కావాలని ఒకరు, పిల్లల చదువని ఒకరు, భార్య ఆరోగ్యమని ఒకరు. పదవి దిగాక కూడా ఆయనింటికి ఆపిల్ పండ్ల సంచీలతో పాస్టర్లు వస్తూనే ఉండేవారు. కొత్త బిషప్ గారికి ఒక్క ఫోన్ కొట్టమని బతిమాలేవారు. “నా చేతిల లేదు” అని ఈయన అనేవారు. వాళ్లు నమ్మేవారు కాదు. నవ్వుతూ లేచి, పండ్ల సంచీ అక్కడే పెట్టి వెళ్లేవారు. “పదవిల ఉన్నన్ని దినాలు అందరికీ ఇదే చెప్పి తప్పించుకున్న. అప్పుడు అబద్ధం, నమ్మిండ్రు. ఇప్పుడు నిజం చెప్తే ఒక్కడు నమ్ముతలేడు” అని నా దగ్గర వాపోయేవారు. ఆ పండ్లలో సగం మా ఇంటికే వచ్చేవి.

కోపం మాత్రం పదవి దిగినా దిగలేదు. మామూలుగా మా ఊరి యాసలోనే హాయిగా మాట్లాడే మనిషి, కోపం వస్తే పాత బైబిలు తెలుగులోకి వెళ్లిపోయేవారు. ఓ పొద్దున నడకదారిలోకి బైకు తోలుకొచ్చిన కుర్రాణ్ణి ఆపి, “నాయనా, తాము ఎచ్చటికి ఇంత త్వరపడి వెళ్లుచున్నారు?” అని అడిగారు. తిట్టినా ఆ కుర్రాడు అంత భయపడేవాడు కాదు. బండి దిగి తోసుకుంటూ వెళ్లిపోయాడు. నాతో ఆయన ఆ భాషలో మాట్లాడింది ఒక్కసారే. అది మా అమ్మ విషయంలో.

మా అమ్మ గురించి చెప్పాలి. మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. బాప్తిస్మం పొందినంత మాత్రాన సరిపోదు. బిషప్ గారు వచ్చి తల మీద రెండు చేతులుంచి ప్రార్థన చేయాలి. దాన్ని కన్ఫర్మేషన్ అంటారు. అదయ్యాకే బల్ల దగ్గరికి వెళ్లి ప్రభువు రొట్టె, ద్రాక్షారసం తీసుకోవచ్చు. పాస్టర్లు ఎన్నైనా చేయొచ్చు కానీ ఈ చేతులుంచడం మాత్రం బిషప్ పని. అమ్మ పెళ్లయి వచ్చిన పల్లెకు బిషప్ రావడమే అరుదు. ఆయన వచ్చిన రోజున, ఊరి ఆడవాళ్లంతా తెల్లచీరలు కట్టుకుని వరసలో నిలబడిన గంటలో, అమ్మ నన్ను కంటోంది. తర్వాత బతుకుదెరువుకు పట్నం వచ్చాం. ఇక్కడ ఆ వరసలో నిలబడేది పదిహేనేళ్ల పిల్లలు. వాళ్ల మధ్య నిలబడటానికి అమ్మకు సిగ్గు. ఈ ఏడు కాదు వచ్చే ఏడు అంటూ ముసలిదైపోయింది.

అందరూ బల్ల దగ్గరికి వెళ్తుంటే అమ్మ బెంచీలోనే కూర్చునేది. వెళ్లేవాళ్లు తమ చంటిపిల్లల్ని ఆమె ఒళ్లో పెట్టి వెళ్లేవారు. మా చర్చిలో సగం మంది పిల్లలు బల్ల పూట మా అమ్మ ఒళ్లో పెరిగినవాళ్లే. చిన్నప్పుడు అది ఆమె ఉద్యోగం అనుకునేవాణ్ణి. మోకాళ్లు పట్టేసి ఆమె చర్చికి రావడం మానేసిన తర్వాతే అయ్యగారు మా చర్చికి రావడం మొదలైంది.

ఆమెకు కడుపులో గడ్డ అని, ఇక ఇంటికి తీసుకెళ్లి చూసుకోమని డాక్టర్లు చెప్పిన వారమే నోరు తెరిచి అడిగింది. “నాకు బల్ల కావాలె బిడ్డా. ఒక్కపారి తీసుకొని పోత.” జీవితంలో ఆమె నన్ను అడిగింది తక్కువ. వెంటనే మా పాస్టర్ గారి దగ్గరికి వెళ్లి చెప్పాను.

మా పాస్టర్ గారు మంచివాడు. బిషప్ ఆఫీసుకు కబురు పంపాడు, అక్కడినుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. చివరికి ఆయనే, “అమ్మా, నేను ఇస్త. ఇంట్ల ఇస్తే ఎవరడుగుతరు?” అన్నాడు. అమ్మ తల అడ్డంగా ఊపింది. “ఇన్నేండ్లు ఆగి, ఇప్పుడు దొంగతనంగ తింటనా? వద్దయ్యా.”

అప్పుడు నాకు వెలిగింది. రెండు గల్లీల అవతల సాక్షాత్తూ ఒక బిషప్ గారు ఉండగా నేనెందుకు ఇంత పరేషాన్ కావడం? మర్నాడు క్యాంపస్‌లో ఆయన యథాప్రకారం, “అమ్మ ఎట్లున్నది?” అన్నారు. మొత్తం చెప్పాను. సాయంత్రం ఓసారి వచ్చి చేతులుంచి పొమ్మన్నాను.

ఆయన నడక ఆపేశారు. “నాకు అధికారం లేదు.”

“మీరు బిషపే కదా అయ్యగారూ?”

“బిషప్‌నే. సచ్చేదాక బిషప్‌నే. కానీ ఏ ఊరికీ బిషప్‌ను కాను. రిటైరైన జడ్జి ఇంటి అరుగు మీద కూసోని తీర్పు చెప్తే చెల్లుతదా? ఇప్పుడున్నాయన చెప్పాలె, లేకపోతే ఆయనే రావాలె.”

“మరి ఆయన్ని ఒక్క ఫోన్ చేసి అడగండి.”

ఆయన ముఖం గట్టిపడింది. కనీసం వచ్చి అమ్మను చూసి పొమ్మన్నాను. అదీ వద్దన్నారు. “వస్తే అడుగుతది. అడిగితే కాదనలేను.” నాకు ఒళ్లు మండింది. చచ్చిపోయే మనిషి కంటే మీకు మీ రూల్స్ ఎక్కువా అని, ఇన్నాళ్లూ అమ్మ ఎట్లుంది అని అడిగింది ఇందుకేనా అని, నోటికొచ్చినట్టు అన్నాను. దారిన పోయే వాళ్లు తిరిగి చూశారు.

ఆయన మెల్లగా, అక్షరం అక్షరం ఒత్తి పలికారు. “దొంగతనముగా నాకు వద్దని మీ తల్లిగారు సెలవిచ్చిరి. ఇప్పుడు తమరు ఆమెకు తెలియకుండ ఆ దొంగతనమే నాచేత చేయించుచున్నారు.” అని వెనక్కి తిరిగి వెళ్లిపోయారు.

నేను దారి మార్చుకున్నాను. రాతి కాలేజీ భవనం వెనక వైపు నడవడం మొదలుపెట్టాను. మూడో రోజో నాలుగో రోజో పొద్దున మా గేటు చప్పుడైంది. తెల్లచొక్కా, ఖాకీ రంగు ప్యాంటు, చేతిలో గొడుగు. మెడలో సిలువ లేదు, వేలికి ఉంగరం లేదు. “ఆటో పిలువు. ఆఫీసుకు పోదాం” అన్నారు. ఏ ఆఫీసని నేను అడగలేదు.

నల్లకుంట దాటాక ఆయన తనంతట తనే చెప్పారు. ఇప్పటి బిషప్ గారు ఒకప్పుడు ఈయన కింద కుర్ర పాస్టర్. సర్వసభ్య సమావేశంలో లేచి నిలబడి అందరి ముందు ఈయన్ని ప్రశ్నించాడు. ఆ నెలలోనే అతన్ని అడవి అంచున, బస్సు కూడా పోని ఊరికి బదిలీ చేశారు. అప్పటినుంచి ఇద్దరి మధ్య మాటల్లేవు. అతను ఆ కుర్చీలో కూర్చున్నాక ఆ మెట్లు ఎక్కనని ఈయన అమ్మగారి దగ్గర, అంటే తన భార్య దగ్గర, ఒట్టు పెట్టుకున్నారు. “ఇయ్యాల పొద్దుగాల ఆమెనే అన్నది, ఒట్టు నా మీద పెట్టినవ్ గదా, నేనే తీసేస్తున్న, పోయి రా అని” అన్నారు.

ఆఫీసు ముందు గదిలో పొడుగాటి బెంచీ. దాని మీద పాస్టర్లు, వాళ్ల భార్యలు, ఒకరిద్దరు టీచర్లు. ఎవరి ముఖం చూసినా అడగడానికి వచ్చిన ముఖమే. ఆయన్ని చూసి అందరూ దిగ్గున లేచారు. ఆయన వాళ్లను చేతులతోనే కూర్చోబెట్టి, బెంచీ చివర్న ఇరుక్కుని కూర్చున్నారు. అటెండరు పరుగున లోపలికి పోబోతే, “వరస ప్రకారం రానియ్యి” అన్నారు. తను ఎన్నో ఏళ్లు కూర్చున్న గది తలుపు ఎదురుగానే ఉంది. ఆయన దాని వంక చూడలేదు. గొడుగు పిడి మీద చేతులు పెట్టుకుని నేల చూస్తూ ఉన్నారు. నాకు ఆయన మీద ఉన్న కోపమంతా ఆ బెంచీ దగ్గరే పోయింది. లేచి పోదాం రండి అనాలనిపించింది. అమ్మ గుర్తొచ్చి ఊరుకున్నాను.

వరస రాకముందే తలుపు తెరుచుకుంది. కొత్త బిషప్ గారే బయటికి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. అరవై దగ్గరపడ్డ మనిషి, నెరిసిన గడ్డం.

“ఫోన్ చేస్తే నేనే వస్తుంటి గదా అయ్యగారూ.”

“అడుక్కోవడానికి వచ్చినోడు ఫోన్ చేయొద్దు. మీరు పని చూసుకోండి, నేను కూసుంట.” ఒకప్పుడు తను నువ్వు అన్న మనిషిని మీరు అంటున్నారు.

లోపలికి తీసుకెళ్లారు. నన్నూ రమ్మన్నారు. అయ్యగారు మా అమ్మ సంగతి నాలుగు ముక్కల్లో చెప్పారు. కొత్త బిషప్ గారు అంతా విన్నారు.

“ఆ అడవి ఊరికి పంపినప్పుడు నేను గూడ ఆ బెంచీ మీదనే కూసున్న అయ్యగారూ. పిల్లకు ఫిట్స్ వస్తున్నయి, దవాఖానా దగ్గరున్న ఊరు ఏదన్న ఇయ్యండని అడుగుదామని. పొద్దటి నుంచి సాయంత్రం దాక కూసున్న. మీరు లోపలికి పిలవలే. యాదికున్నదా?”

“ఉన్నది.”

“ఏమని కబురు పంపిన్రో?”

“నా చేతిల లేదు, కమిటీ చూస్తదని.” ఆయన గొడుగు పక్కన పెట్టారు. “నా చేతిలనే ఉండె. పిల్ల సంగతి గూడ నాకు ఎరుకే. నన్ను నలుగురి ముంగట అడిగినవని కోపం. తప్పు చేసిన నాయనా. నా మీద ఎంత కోపమన్న ఉంచుకో, అది న్యాయమే. దాన్ని ఆ ముసలామె మీదికి రానియ్యకు.”

కొత్త బిషప్ గారు కిటికీ వైపు తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నారు. పిల్లకు ఇప్పుడు పెళ్లయిందని, బాగానే ఉందని చెప్పారు. తర్వాత, “మీరే చేయండి అయ్యగారూ, నేను అనుమతిస్తున్న” అన్నారు.

“వద్దు. ఆమె వాళ్ల బిషప్‌ను అడిగింది. వాళ్ల బిషప్ మీరు.”

మర్నాటి సాయంత్రం కారు మా గల్లీలోకి పట్టక చౌరస్తా దగ్గరే ఆగిపోయింది. బిషప్ గారు అంగీ చేత్తో ఎత్తి పట్టుకుని, పదవికి గుర్తైన గొర్రెలకాపరి కర్ర ఇంకో చేత్తో పట్టుకుని, టిఫిన్ బండి వాళ్లూ కూరగాయల వాళ్లూ నోరు తెరిచి చూస్తుంటే నడుచుకుంటూ వచ్చారు. ఆయన వెనకే తెల్లచొక్కాలో మా అయ్యగారు. అమ్మకు నా భార్య పొద్దున్నే తలంటి తెల్లచీర కట్టింది. దిండ్లు ఆనించి మంచం మీద కూర్చోబెట్టాం.

ప్రార్థన మొదలైంది. చేతులుంచే చోటికి వచ్చేసరికి బిషప్ గారు ఆగారు. రెండు చేతులూ ఉంచాలంటే కర్ర ఎవరికైనా ఇవ్వాలి. దాన్ని పట్టుకునేందుకు వెంట ఉండవలసిన చిన్న పాస్టర్ ఆ రోజు రాలేదు. ఆయన గోడ వైపు, ఫ్రిజ్ వైపు చూశారు. మా అయ్యగారు ఒక అడుగు ముందుకు వేసి చెయ్యి చాపారు. “ఇటియ్యండి, నేను పట్టుకుంట.”

ఇవ్వడానికి ఆయన చేతులు రాలేదు. ఈయనే మెల్లగా తీసుకున్నారు. తీసుకుని, కర్ర పైన వంపు తిరిగి ఉండే కొస ముందుకు ఉన్నదల్లా తన వైపుకు తిప్పుకుని పట్టుకున్నారు. ఆ వంపు జనం వైపు చూసేలా పట్టుకునే హక్కు ఆ చోటికి అధికారి అయిన బిషప్‌కే ఉంటుందట. ఇంకొకరి కోసం మోసేవాడు దాన్ని తన వైపు తిప్పుకుంటాడట. మా పాస్టర్ గారు తర్వాత చెబితే తెలిసింది. బిషప్ గారు మాత్రం చూడగానే అర్థం చేసుకున్నారు. ఆ కర్ర మీంచి కళ్లు తిప్పుకుని, అమ్మ తల మీద రెండు చేతులూ ఉంచి ప్రార్థన చేశారు.

తర్వాత రొట్టె ఇచ్చారు. అమ్మ రెండు అరచేతులూ కలిపి పట్టి తీసుకుంది. నమలడానికి చాలా సేపు పట్టింది. గిన్నెలోంచి ఒక గుక్క తాగి, పెదాలు తుడుచుకోకుండా అలాగే కూర్చుంది. మేమంతా ఏడుస్తున్నాం. ఆమె ఏడవలేదు. గదంతా ఓసారి కలియజూసి, మూలన కర్ర పట్టుకుని నిలబడ్డాయన మీద చూపు ఆపింది.

“ఈ అయ్య ఎవరు బిడ్డా? పెద్దయ్యగారి వెంట వచ్చిండా?”

నేను నోరు తెరిచేలోపే ఆయన అన్నారు. “అవునమ్మా. వెంట వచ్చిన.”

బిషప్ గారు మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని అమ్మ చేతులు పట్టుకున్నారు. “అమ్మా, నన్ను పాస్టర్‌ను చేసిన దినం నా తల మీద చేతులు పెట్టింది ఈయననే.”

అమ్మ ఆ మాటను మెల్లగా అర్థం చేసుకుంది. ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది.

“అట్లయితే ఈ అయ్య చెయ్యి గూడ పడ్డట్టే గదా నా మీద” అంది.

మా అయ్యగారు కర్రను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చారు.